లుఖ్మాన్ ఎవరి మనిషి?

బక్రీద్ రోజు మా ఇంట్లో మేకను కోశాక నాలుకా గుండే విడిగా తీసి ఒక చిన్న గిన్నెలో పెట్టేది మా నానీ. పంపకాల లెక్కలోకి అవి వచ్చేవి కావు. పిల్లలం చుట్టూ చేరగానే ఆ గిన్నె ముందు పెట్టుకుని కథ మొదలుపెట్టేది. ‘‘ఏక్ కాలా గులాం థా బేటా...’’

ఆ నల్ల గులాం వడ్రంగి పని చేసేవాడు. ఒకరోజు యజమాని పిలిచి, మేకను కోసి అందులో అన్నిటికన్నా మంచి ముక్కలు రెండు తెమ్మన్నాడు. గులాం నాలుకా గుండే తెచ్చి ముందు పెట్టాడు. కొన్నాళ్లకు మళ్లీ ఒక మేకను కోయమని, ఈసారి అన్నిటికన్నా చెడ్డ ముక్కలు రెండు తెమ్మన్నాడు. గులాం మళ్లీ నాలుకా గుండే తెచ్చాడు. ఇదేమిట్రా అని యజమాని అడిగితే, ఇవి మంచివైతే వీటిని మించిన మంచివి లేవు, చెడితే వీటిని మించిన చెడ్డవీ లేవు అన్నాడు. అంతే కథ. తర్వాత ఆ గిన్నె వంటింట్లోకి వెళ్లేది.

నానీ ఆ గులాం పేరు ఎప్పుడూ చెప్పలేదు. బహుశా ఆమెకూ తెలియదు. అరబీలో ఖురాన్ తిలావత్ చేసేది గానీ అర్థం తెలియదు. మసీదులో మౌల్వీ సాబ్ తకరీర్‌లో ‘హజ్రత్ లుఖ్మాన్ హకీం’ అన్నప్పుడు మాత్రం నా కళ్ల ముందు ఇంకో మనిషి కనిపించేవాడు: తెల్లటి జుబ్బా, పొడవాటి గడ్డం, చుట్టూ మందుల జాడీలు. నానీ గిన్నెలోని గులాం, మౌల్వీ సాబ్ తకరీర్‌లోని హకీం ఒకరేనని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆ ఇద్దరి మధ్య ఉన్న దూరం గురించే నా బాధంతా.

ముందు ఖురాన్ ఏం చెబుతుందో చూద్దాం. ముప్పై ఒకటో సూరా పేరే లుఖ్మాన్. ఇందులో 34 ఆయతులు. లుఖ్మాన్ ప్రస్తావన 12 నుంచి 19 దాకా ఉంటుంది. మధ్యలో రెండు ఆయతులు తల్లిదండ్రుల గురించి అల్లాహ్ స్వయంగా చెప్పే మాటలు. అవి తీసేస్తే లుఖ్మాన్ నోటి మాటలుగా మిగిలేవి ఐదే ఆయతులు. ఆయన తండ్రి ఎవరో, తెగ ఏదో, ఏ దేశమో, ఏ పని చేసేవాడో అక్కడ లేదు. మనిషి పేరుతో పాటు తండ్రి పేరూ, తాత పేరూ, తెగ పేరూ వరసగా చెప్పుకునే అరబ్బుల సమాజంలో వచ్చిన గ్రంథమది. అందులో ఒక మనిషి పేరు మీద ఒక సూరా వెలిసింది. ఆ మనిషికి మాత్రం ఇంటిపేరు లేదు.

ఆ ఐదు ఆయతుల్లో ఉన్నదేమిటి? ఒక తండ్రి కొడుకుని కూర్చోబెట్టుకుని మాట్లాడుతున్నాడు. ‘బునయ్య’ అని మూడుసార్లు పిలుస్తాడు. అరబీలో కొడుకు అనే మాటకు ముద్దు రూపం అది. తెలుగులో ‘చిన్నోడా’, ‘చిట్టి నాన్నా’ అంటామే, అలాంటిది. దేవునికి సాటి కల్పించవద్దని మొదలుపెడతాడు. ఆవగింజంత పనైనా, అది బండరాతి లోపల దాగి ఉన్నా, దేవుని లెక్కలోంచి తప్పిపోదంటాడు. నమాజు సంగతి, మంచిని చెప్పి చెడుని ఆపే సంగతి, ఆ దారిలో వచ్చే కష్టాన్ని ఓర్చుకోవలసిన సంగతి చెబుతాడు. ఆ తర్వాత మాటలు ఇంకా కిందికి, వీధిలోకి దిగుతాయి. జనాన్ని చూసి చెంప పక్కకి తిప్పుకోవద్దు. నేల మీద నిక్కుతూ నడవవద్దు. గొంతు తగ్గించు, గాడిద ఓండ్ర కంటే వికారమైన గొంతు లేదు కదా.

ఆవగింజ, బండ, చెంప, నడక, గాడిద. ఇవి మదర్సా మాటలు కావు, పనిపాటలు చేసుకునే ఇంటి మాటలు. ‘చెంప తిప్పుకోవడం’ అన్నచోట వాడిన అరబీ క్రియనే తీసుకోండి. దాని మూలం ఒంటెలకు వచ్చే ఒక జబ్బు పేరని వ్యాఖ్యాతలే రాశారు. ఆ జబ్బు వస్తే ఒంటె మెడ ఒక పక్కకి వంకర పోతుంది. గర్విష్ఠిని చూసి ‘వీడికి ఒంటె మెడ జబ్బు పట్టింది’ అనగలిగేది ఎవరు? ఒంటెల్ని మేపినవాడు, వాటి జబ్బులు చూసినవాడు. దర్బారు కవి గర్వాన్ని సింహంతో పోలుస్తాడు. పశువుల కాపరి దాన్ని రోగంతో పోలుస్తాడు. ఖురాన్‌లోకి వచ్చింది ఈ రెండో పోలిక.

ఖురాన్ చెప్పని ఒళ్లూ వృత్తీ తఫ్సీర్లు చెప్పాయి. 923లో మరణించిన తబరీ, 1373లో మరణించిన ఇబ్నె కసీర్ తమ తఫ్సీర్లలో పాత తరం వాళ్లు చెప్పిన మాటలన్నీ పోగుచేశారు. ఒకరు హబ్షీ బానిస, వడ్రంగి అన్నారు. నానీ చెప్పిన మేక కథ ఈ వడ్రంగి మాటతో కలిసే ఉంది. ఇంకొకరు నూబియా దేశపు మనిషి, పొట్టివాడు, చప్పిడి ముక్కువాడు అన్నారు. మందపాటి పెదవులు, పగిలిన పాదాలు అన్నారు మరొకరు. గొర్రెలు కాసేవాడని ఇంకో మాట. ఆయన పెద్దవాడయ్యాక, చుట్టూ జనం కూర్చుని వింటుండగా, పాత తోటి కాపరి ఒకడు వచ్చి, నువ్వు నాతోపాటు గొర్రెలు కాసినవాడివి కాదూ, ఈ స్థాయికి ఎలా వచ్చావ్ అని అడుగుతాడు. నిజం చెప్పడం, నాకు పట్టని విషయాల్లో నోరు మూసుకోవడం, ఈ రెండే అంటాడు లుఖ్మాన్. ఇమామ్ మాలిక్ ‘మువత్తా’లో కూడా దాదాపు ఇలాంటి జవాబే ఉంది. అక్కడ అప్పగించిన దాన్ని భద్రంగా తిరిగివ్వడం అనే మాట అదనం.

ఇదంతా చరిత్ర అని నేను వాదించడం లేదు. లుఖ్మాన్ ఏ కాలం వాడో చెప్పడానికే ఆధారాలు చాలవు. అరబ్బుల పాత కథల్లో ఏడు రాబందుల ఆయుష్షు బతికిన లుఖ్మాన్ ఒకడు వేరే ఉన్నాడు కూడా. నేను అడిగేది ఇంకొకటి. తొలి ముస్లిం తరాలు ఈ పేరుకి ఒక ఒళ్లు తొడగాల్సి వచ్చినప్పుడు నల్లటి ఒళ్లు, పగిలిన పాదాలు, వడ్రంగి పనిముట్లు ఎందుకు తొడిగాయి? జవాబు ఇబ్నె కసీర్ ఎత్తి రాసిన ఒక సంఘటనలోనే దొరుకుతుంది. మదీనా పండితుడు సయీద్ ఇబ్నె ముసయ్యిబ్ దగ్గరికి ఒక నల్లని మనిషి ఏదో అడగడానికి వస్తాడు. నల్లవాడినని దిగులు పడకు, మనుషుల్లో మేలైన వాళ్లు ముగ్గురు నల్లవాళ్లే, బిలాల్, ఉమర్ విడుదల చేసిన మిహ్జా, లుఖ్మాన్ అంటాడాయన. మిహ్జా బద్ర్ యుద్ధంలో అమరుడైనవాడు. అంటే ఇస్లాం వచ్చిన మొదటి వందేళ్లలోనే, ఆ మదీనాలోనే, ఒక నల్ల మనిషికి దిగులు పడాల్సిన అవసరం ఉంది. ఆ దిగులుకి లుఖ్మాన్ కథ ఒక మందుగా పనికొచ్చింది. హకీం అన్న పేరు అక్కడైతే నాకు సరిగ్గా నప్పినట్టనిపిస్తుంది.

అదే తఫ్సీర్‌లో ఇంకో మాట కూడా ఉంది. లుఖ్మాన్ ప్రవక్తా కాదా అన్న చర్చ వచ్చినప్పుడు ఎక్కువమంది కాదనే అన్నారు. ఆయనకు ప్రవక్త పదవి, వివేకం రెండూ చూపిస్తే వివేకాన్ని కోరుకున్నాడని ఒక కథ చెబుతారు. అది అందమైన కథ, నాకు పేచీ లేదు. దీన్‌లో నిర్ణయాలు చేయడం నా పనీ కాదు. కానీ ఇబ్నె కసీర్ చెప్పే కారణం చూడండి. ఆయన బానిసగా బతికినవాడు, ప్రవక్తలేమో తమ జాతిలో గొప్ప వంశాల నుంచి వచ్చేవాళ్లు, కాబట్టి బానిసత్వానికీ ప్రవక్త పదవికీ పొసగదు అంటాడు. మరి యూసుఫ్ ప్రవక్త సంగతేమిటి? బావిలోంచి తీసి కొద్దిపాటి దిర్హముల కోసం అమ్మేశారని ఖురానే చెబుతోంది కదా. ఆయన ప్రవక్త అనడానికి ఎవరికీ సందేహం రాలేదే. ఆయన యాఖూబ్ కొడుకు. అందగాడు. బానిసత్వం ఆయన మీద ఒక ధూళిలా పడి రాలిపోయింది. లుఖ్మాన్ మీద మాత్రం చర్మంలా అతుక్కుంది. ఒకే పండితుడు, ఒకే తఫ్సీర్. ఒకచోట నల్లవాడికి ఓదార్పు, ఇంకోచోట వంశం తూకం. మన ఇళ్లల్లో ఈ రెండూ ఇప్పటికీ పక్కపక్కనే కాపురం చేస్తున్నాయి.

ఆ పైన లుఖ్మాన్‌ని పైకి ఎక్కించే పని మొదలైంది. ఎక్కించడం అంటే ఆయన్ని ఆయన మనుషుల్లోంచి విడదీయడం. అరబీలో ‘హిక్మత్’ అంటే వివేకం. ఫార్సీ, ఉర్దూల్లోకి వచ్చేసరికి అదే మాటకు వైద్యం అన్న అర్థం బలపడింది. దాంతో వడ్రంగి కాస్తా యునానీ వైద్యుడయ్యాడు. వహం, అంటే అనుమానం, ఆ రోగానికి హకీం లుఖ్మాన్ దగ్గర కూడా మందు లేదని మన సామెత. ఆ సామెత తెలియని ఉర్దూ ఇల్లు లేదు. ఆ హకీం గొర్రెల కాపరి అని తెలిసిన ఇల్లు ఎక్కడో ఒకటి. ఒక్క మాట అర్థం పక్కకి జరిగితే ఒక మనిషి కులం మారిపోయింది చూడండి.

షేక్ సాదీ 1257లో పూర్తి చేసిన ‘బోస్తాన్’లో లుఖ్మాన్ కథ ఒకటుంది. ఫార్సీ చదువుకున్న మన పెద్దలకి కంఠతా వచ్చేది. లుఖ్మాన్ నల్లటి మనిషి, సుకుమారం తెలియని ఒళ్లు. బాగ్దాద్‌లో ఒకడు ఆయన్ని చూసి, పారిపోయిన తన బానిస వీడే అనుకుని పట్టుకుని మట్టిపనిలో పెడతాడు. ఏడాదిపాటు లుఖ్మాన్ ఇల్లు కడతాడు. ఆ తర్వాత అసలు బానిస తిరిగొస్తాడు. యజమాని హడలిపోయి కాళ్ల మీద పడతాడు. లుఖ్మాన్ నవ్వి, ఏడాదిపాటు నా గుండె నెత్తురు తాగిన బాధ ఒక్క గడియలో పోతుందా అంటాడు. అయినా క్షమిస్తున్నాను, నీకు ఇల్లు దక్కింది, నాకు తెలివి దక్కింది అంటాడు. ఇంతవరకూ బలమైన కథ. నల్లటి ఒళ్లు కనబడితే చాలు, బానిసే అయి ఉంటాడని పట్టుకెళ్లే లోకాన్ని సాదీ రెండు ముక్కల్లో పట్టుకున్నాడు. కానీ ముగింపు? నా దగ్గరా ఒక గులాం ఉన్నాడు, వాడితో అప్పుడప్పుడూ కష్టమైన పని చేయిస్తుంటాను, ఈ మట్టిపని గుర్తొచ్చినప్పుడల్లా ఇకమీద వాణ్ణి బాధపెట్టను అంటాడు లుఖ్మాన్.

అంటే సాదీ చేతిలో లుఖ్మాన్ బానిస కాడు. బానిసని పొరపడ్డ ఒక యజమాని. తఫ్సీర్లలో బానిసగా ఉన్నవాడికి సాదీ ఒక బానిసని కొనిచ్చాడు. సాదీ దయగలవాడే, సందేహం లేదు. యజమానుల మనసు కరిగించాలని రాశాడు. కానీ వినేవాళ్లు యజమానులైనప్పుడు నీతి చెప్పేవాడు కూడా యజమాని అయితే తప్ప వాళ్ల చెవికెక్కదని ఆయనకి తెలుసు. ఇంటి నౌకరుని తిట్టొద్దని పిల్లలకి ఈ కథ చెప్పే కుటుంబాలు నాకు తెలుసు. నౌకరు నోటి నుంచి ఈ కథ విన్న కుటుంబం మాత్రం నాకింకా తగల్లేదు.

మౌలానా రూమీ ఇంకో దారి పట్టాడు. ‘మస్నవీ’లో లుఖ్మాన్ బానిసగానే ఉంటాడు. తోటి బానిసలు తోటలో పళ్లు తినేసి నింద లుఖ్మాన్ మీద వేస్తే, మా అందరికీ వేడినీళ్లు తాగించి మైదానంలో పరిగెత్తించండి, ఎవరి కడుపులో ఏముందో బయటపడుతుంది అంటాడు. ఎంత కమ్మటి కథ అది! కానీ తకరీర్లలో ఎక్కువగా వినబడేది మాత్రం ఖర్బూజా కథ. యజమాని ముక్క తర్వాత ముక్క కోసి ఇస్తుంటే లుఖ్మాన్ తేనె తిన్నట్టు తింటాడు. చివరి ముక్క యజమాని నోట్లో వేసుకుంటే విషంలా చేదు. ఇన్నాళ్లూ నీ చేతి మీదుగా ఎన్నో తీపి తిన్నాను, ఒక్క చేదుకి ఫిర్యాదు చేయడానికి సిగ్గేసింది అంటాడు లుఖ్మాన్. రూమీ చెప్పింది దేవుని మీద ప్రేమ గురించి. ఆ యజమానే లోలోపల లుఖ్మాన్‌కి బానిస అని కూడా రాశాడు. కానీ కథలు పుస్తకంలో ఒకలాగ, గడీ ముందు ఒకలాగ వినబడతాయి. వెట్టి చాకిరీ నడిచిన తెలంగాణలో, ‘బాంచన్ కాల్మొక్తా’ అనిపించుకున్న నేల మీద ఖర్బూజా కథకి అర్థం ఏమై ఉంటుంది? అన్నం పెట్టిన చేతి చేదునీ తినాలి అనే కదా. జాగీర్దారు మన మతంవాడైనా, దేశ్‌ముఖ్ ఇంకో మతంవాడైనా పాలేరుకి చెప్పేది ఈ నీతే.

అందుకే లుఖ్మాన్ మాటల్ని మళ్లీ ఆయన నోట్లో పెట్టి చదవాలంటాను. గొంతు తగ్గించు, ఒదిగి నడువు అన్న మాటల్ని మింబర్ మీంచి వింటే పేదవాడికి పడే చీవాట్లలా ఉంటాయి. అవి బానిస తన కొడుకుతో చెప్పిన మాటలు అనుకుని చదవండి. చెంప పక్కకి తిప్పుకోవడం ఎవరు చేసే పని? కింద ఉన్నవాడు పైవాణ్ణి చూసి చెంప తిప్పుకోలేడు. ఆ విద్య పైవాడిది. ఆ తిప్పిన చెంపని జీవితమంతా చూసినవాడు లుఖ్మాన్. ఎదురుగా నిక్కుతూ నడిచినవాళ్లని చూశాడు. అరిచే గొంతుల్ని విన్నాడు. రేపు నీకు రోజులొస్తే, మన మీద వాళ్లు చేసినవి నువ్వు ఇంకొకరి మీద చేయొద్దురా అని కొడుకుతో చెబుతున్నాడు. గాడిదతో పోల్చింది కూలివాడి కేకని కాదు, వాణ్ణి పిలిచే కేకని.

ఓర్చుకో అన్న మాట కూడా అంతే. అది విడిగా లేదు. మంచిని చెప్పు, చెడుని ఆపు అన్న తర్వాత, నీకు వచ్చిపడేదాన్ని ఓర్చుకో అని ఉంది. చెడుని ఆపబోతే దెబ్బలు పడతాయని తెలిసిన మనిషే ఆ వరసలో చెప్పగలడు. మన తకరీర్లలో మొదటి సగం రాలిపోయి ‘సబ్ర్’ ఒక్కటే మిగిలింది.

ఆ మేక కథనే మళ్లీ చూడండి. గులాం యజమానికి పాఠం చెప్పలేడు, చెబితే కొరడా. కానీ హుకుం ఉన్నదున్నట్టు పాటించవచ్చు. మంచిది తెమ్మంటే తెచ్చాడు, చెడ్డది తెమ్మంటే తెచ్చాడు. నోరు విప్పమని యజమానే అడగాల్సి వచ్చేలా చేశాడు. ఈ ఉపాయం గ్రీకుల ఈసప్ కథలోనూ ఉంది. ఆయనా బానిసే. అక్కడ విందుకి ఒట్టి నాలుకలే వండి పెడతాడు. లుఖ్మాన్ గుండె కూడా కలిపాడు. ఎవరిది ఎవరు తీసుకున్నారన్న పంచాయితీ పండితులకి వదిలేద్దాం. లుఖ్మాన్ పేరు మీద అరబీలో 41 కథల సంపుటి ఒకటుంది. అది ఖురాన్ తర్వాత ఎన్నో శతాబ్దాలకి ఈసప్ కథల్ని చూసి చేసిందేనంటారు. దాన్ని 1615లో లైడెన్‌లో ఎర్పీనియస్ అచ్చువేశాడు. ఐరోపావాళ్లు అరబీ నేర్చుకోవడానికి దాన్ని వాచకంగా వాడుకున్నారు. నాకు ముఖ్యమనిపించేది, మధ్యధరా నుంచి ఎర్రసముద్రం దాకా ఇంత నేల మీద జనం నీతి చెప్పడానికి మళ్లీ మళ్లీ ఒక బానిస నోటినే ఎంచుకోవడం.

మన సెక్యులర్ మిత్రులకి ఈసప్ తెలుసు. బడి పుస్తకాల్లో చదివారు, బానిస అనీ తెలుసు. లుఖ్మాన్ అనగానే మాత్రం అది మతం, మా పరిధిలోకి రాదు అంటారు. శ్రమజీవి గొంతు గ్రీకు నుంచి వస్తే సాహిత్యం, అరబీ నుంచి వస్తే మతమా? ప్రవక్త ముహమ్మద్ (స) దగ్గరికి మదీనా మనిషి సువైద్ ఇబ్నె సామిత్ వచ్చి, నా దగ్గర లుఖ్మాన్ మాటల ప్రతి ఉంది అంటే, ఏదీ వినిపించు అని అడిగి విని, బాగుంది అని మెచ్చుకుని, తన దగ్గర ఉన్నది ఇంకా మేలైనదని ఖురాన్ వినిపించారని ఇబ్నె ఇస్‌హాఖ్ రాసిన జీవిత చరిత్రలో ఉంది. ముందు విన్నారు. ఆ మాత్రం వినడం ఇరుపక్కల వాళ్లకీ కరువైంది.

మనవాళ్ల సంగతికొస్తే చెప్పుకోవాల్సింది ఇంకా ఎక్కువ. హబ్షీలు మనకి కథలో మనుషులు కారు. నిజాం సైన్యంలో ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉండేది, దాని పేరు మీదే హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ బస్తీ ఉంది. మన పెళ్లిళ్లలో మర్ఫా దరువు మోగితే ఒళ్లు మరిచి ఎగురుతాం, అందులో ఆ సిద్దీల చేతులున్నాయి. 2007లో ముస్లింలలో వెనుకబడినవారికి నాలుగు శాతం రిజర్వేషన్ కోసం చేసిన బీసీ-ఇ జాబితాలో సిద్దీ, హబ్షీ పేరుంది, ఖురేషీ పేరుంది, ఫకీర్ల పేరుంది. ఇస్లాంలో కులాలెక్కడివి అని అప్పుడు మనలోనే కొందరు కోప్పడ్డారు. కోప్పడినవాళ్లు ఉర్దూ పత్రికల్లో ‘జరూరతే రిష్తా’ కాలం చదవరా? సయ్యద్ కావాలి, పఠాన్ కావాలి, గోరీ లడ్కీ కావాలి. ఇరవై ఏళ్లకు పైగా పత్రికల్లో ఉన్నాను, లుఖ్మాన్ రంగు పిల్ల కావాలన్న ప్రకటన ఒక్కటి కూడా నా బల్ల మీదికి రాలేదు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’, 1998లో ‘జల్‌జలా’ వచ్చినప్పుడు, మనల్ని పరాయివాళ్లని చేసిన దేశంతో మాట్లాడాం. అది అవసరమే, ఇవాళ ఇంకా అవసరం. కానీ మన దస్తర్‌ఖాన్ మీద ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారన్న మాట దూదేకులవాళ్లో, ఇంకెవరో ఎత్తితే తప్ప మనకి గుర్తు రాలేదు.

ఇదంతా రాస్తూ మా ఇంటిని మినహాయించుకోలేను. సయ్యదులమని చెప్పుకునే ఇల్లు మాది. నానీ ఆ గిన్నె ముందు పెట్టుకుని కాలా గులాం కథ చెబుతున్నంతసేపూ, ఆ మేకను కోసి, తోలు తీసి, నాలుకా గుండే ఆమె చేతికిచ్చిన ఖురేషీ బయట అరుగు మీద కూర్చుని ఉండేవాడు. లోపల్నుంచి ఎవరో ఒకరు చాయ్ తీసుకెళ్లేవాళ్లం. అంచు చిట్లిన పింగాణీ కప్పు ఒకటి అతనికోసమని గూట్లో ఉండేది. తాగి, కడిగి, అరుగు మీద బోర్లించి వెళ్లేవాడు.